వంద శాతం క్షేమం

తార్నాక చౌరస్తాలో ఎర్రదీపం దగ్గర ఆగినవాడికి చదువుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు వైద్యం, ఇరవై రోజుల్లో ఇంగ్లీషు, ఎవరో నాయకుడి పుట్టినరోజు. మొన్న పొద్దున ఆఫీసుకు పోతూ ఆగితే వాటి మధ్య కొత్త ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. నల్ల అంచు, మూలల్లో రెండు దీపాలు, నడుమ మా వెల్ఫేరు సారు. కింద 'విద్యార్థుల ప్రాణదాతకు అశ్రునివాళి' అని ఉంది. ఫ్లెక్సీల మీద మామూలుగా ఉండే అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. తప్పు ఉంది గానీ అది అక్షరాల్లో లేదు.

పోయినవారి గురించి మంచే చెప్పాలంటారు. ఆయన నీళ్లు బాగా తాగేవారు.

ఫ్లెక్సీ మీది ఫొటోలో కూడా చేతిలో ఆ స్టీలు సీసా ఉంది. దీపం మారేలోగా ఫోనులో ఒక ఫొటో తీసి సైదులుకు పంపాను. సైదులు నా యూనివర్సిటీ స్నేహితుడు, ఇప్పుడు నల్గొండ వైపు సర్కారు బడిలో పంతులు. ఆ ఫ్లెక్సీ మీది ప్రాణదాత అనే మాట గురించి నాకంటే వాడికే ఎక్కువ తెలుసు.

సారు అసలు ఉద్యోగం రాళ్ల గురించి పాఠం చెప్పడం. ముప్ఫై ఏళ్లు రాళ్లతో గడిపాక, విద్యార్థుల క్షేమం కూడా చూడమని అదనపు బాధ్యత అప్పగించారు. ఆయనకు పెద్ద తేడా తెలిసినట్టు లేదు. పని విధానం మార్చుకోలేదు. చూసేవారు, పేరు రాసుకునేవారు, బీరువాలో పెట్టేవారు.

ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. మనిషి బాగుండాలంటే ఐదు 'న'లు కావాలి. కుడిచెయ్యి పైకెత్తి ఒక్కో వేలూ మడుస్తూ చెప్పేవారు. నీళ్లు, నిద్ర, నడక, నవ్వు. బొటనవేలు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగేది. మోగకపోతే ఎవరో సంతకానికి వచ్చేవారు. రెండేళ్లలో ఆ ఉపన్యాసం నేను ఏడుసార్లు విన్నాను. ఐదో 'న' ఏమిటో ఇప్పటికీ తెలియదు. హాస్టల్లో దాని మీద పందేలు కాసేవాళ్లం. కొందరు నాష్టా అన్నారు. ఎక్కువమంది నౌకరీ అన్నారు.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. క్లాసు జరిగితే అదే ఆ రోజు వార్త. బయట రోడ్డు మీద మావాళ్లు నీళ్లు, నిధులు, నియామకాలు అని అరుస్తుంటే, లోపల సెమినార్ హాల్లో ఈయన నీళ్లు, నిద్ర, నడక, నవ్వు అనేవారు. ఇరుపక్షాలకూ నీళ్ల దగ్గరైనా కుదిరిందని సంతోషించాం.

ఆయనది ఏ ఊరో మాలో ఎవరికీ తెలియదు. నల్గొండ పిల్లవాడు ఎదురైతే "ఏంది బిడ్డా, మంచిగున్నవా?" అనేవారు. గుంటూరు పిల్లవాడు ఎదురైతే "ఏవయ్యా, కులాసానా?" అనేవారు. రెండూ అచ్చంగా పలికేవి. ఆ రోజుల్లో అది చిన్న విద్య కాదు. నేనూ సైదులూ కలిసి ఎదురుపడితే మాత్రం పాపం ఇబ్బంది పడి ఇంగ్లీషులోకి వెళ్లిపోయేవారు. మా నాన్నది కృష్ణ అవతలి ఊరు. రైల్వేలో గుమాస్తాగా వచ్చి లాలాపేట్‌లో స్థిరపడ్డాడు. అమ్మ చర్చి బడిలో టీచరు. నేను హాస్టల్లో నాన్-బోర్డర్‌ని. అంటే జాబితాలో పేరు ఉండదు, గదిలో చాప ఉంటుంది. ఆ గది సైదులుది. "ఏం ఆంధ్రోడా, మా జాగలనే పండుకుంటివి," అని రోజూ అనేవాడు. రోజూ చాప వాడే పరిచేవాడు.

ఒక మధ్యాహ్నం సారు మాకు శ్వాస నేర్పారు. బయట రాళ్లు పడుతున్నాయి, కిటికీలు మూసి ఉన్నాయి. ఆందోళన కలిగినప్పుడు మనిషి మొదట మరిచిపోయేది శ్వాసేనట. కళ్లు మూసుకోండి, కడుపు నిండా గాలి పీల్చండి, అన్నారు. నలభై మందిమి కళ్లు మూసుకున్నాం. సరిగ్గా అప్పుడే టియర్ గ్యాస్ గుండు ఒకటి వరండాలో పడింది. ఆయన మాటను గౌరవించినవాళ్లు నిండుగా పీల్చారు. వెనక కూచుని కబుర్లాడుతున్నవాళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. కళ్లు తెరిచి చూసేసరికి వేదిక మీద సారు లేరు. వెనక తలుపు ఊగుతోంది. సీసా కూడా తీసుకెళ్లారు. నీళ్లు నిజంగా ఉపయోగపడే అవకాశం రెండేళ్లలో ఆ ఒక్కసారే వచ్చింది.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. నేను చెబితే ఇంకా బాగుండేవి. ఆయన నడకా, వేళ్లు మడవడం, సీసా మూత తిప్పడం అన్నీ నేను చేసి చూపించేవాణ్ణి. సైదులు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తర్వాత కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. నేను గమనించలేదు. మిగతావాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

సైదులు రాత గురించి చెప్పాలి. క్యాంపస్‌లో బ్యానర్లన్నీ వాడే రాసేవాడు. తెల్ల గుడ్డ నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూచుని, గీత గీయకుండా, కొలత పెట్టకుండా రాస్తే, ఇటు నుంచి అటుకు అక్షరాలు వరుస తప్పేవి కావు. గేటు దగ్గర నిలబడి చూసినా ఇది సైదులు రాత అని చెప్పొచ్చు. మొదట్లో నినాదాలు రాశాడు. ఆ చలికాలం వచ్చేసరికి పేర్లు రాయాల్సి వచ్చింది. మా వయసులోనే పోయినవాళ్ల పేర్లు. కొందరు మాతో టీ తాగినవాళ్లు. ఒకరి పేరు ఆరకముందే ఇంకొకరి పేరుకు గుడ్డ తెచ్చేవారు. అందరం వాడి రాతను మెచ్చుకునేవాళ్లం. పేర్లు రాస్తున్న మనిషికి ఎలా ఉందని ఎవరం అడగలేదు. బాగా రాస్తున్నాడు కదా.

అప్పుడే సారు ఫారం తెచ్చారు. పైనుంచి ఆదేశం వచ్చిందట, హాస్టల్లో ఉన్న ప్రతి విద్యార్థి మనసు ఎలా ఉందో తెలుసుకోవాలని. ఒకే కాగితం. పేరు, గది నంబరు, ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని పూటలు భోజనం. కింద మూడు గడులు. బాగున్నాను, చాలా బాగున్నాను, అద్భుతంగా ఉన్నాను. ఇందులో ఒకదానికి టిక్కు పెట్టాలి. బాలేనివాళ్లు ఎక్కడ పెట్టాలి సార్ అని ఎవరో అడిగారు. అలాంటి ఆలోచనలను ప్రోత్సహించకూడదన్నారు.

సాయంత్రానికల్లా అందరి ఫారాలూ అందాలి. ఎవరిది లేకపోతే వాడిని పిలిపించి ఉపన్యాసం మళ్లీ చెబుతారని తెలుసు. సైదులు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఫారం ఇచ్చాను, తీసుకోలేదు. పిలిచాను, పలకలేదు. మా చదువులో స్నేహం అంటే హాజరు పలకడం. వాడికి క్లాసులో ఎన్నిసార్లు ప్రాక్సీ పలికానో లెక్క లేదు. అలవాటు చొప్పున ఇదీ నింపాను. నిద్ర ఎనిమిది గంటలు, భోజనం మూడు పూటలు. గడుల దగ్గర కొంచెం ఆలోచించాను. అద్భుతంగా అంటే అనుమానం వస్తుందని 'చాలా బాగున్నాను'కు టిక్కు పెట్టి, వాడి సంతకం నేనే చేశాను. అది గదిలో అందరికీ చూపించి నవ్వించాను కూడా. సైదులు మా వెనకే, గోడ వైపు ఉన్నాడు.

నాలుగు రోజుల తర్వాత వాడు నా చేతిలో తన కుంచెలు పెట్టాడు. మూడు కుంచెలు, కిరసనాయిల్‌తో కడిగి, ఆరబెట్టి, పాత గుడ్డలో చుట్టి. "ఉంచుకో రా. నాకెందుకు ఇంక," అన్నాడు. సైదులు ఆ కుంచెలు ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. జోక్ వేద్దామని నోరు తెరిచాను. ఏమీ దొరకలేదు. నాకు అలా జరగడం అదే మొదలు.

ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో తెలియలేదు. నోటీసు బోర్డు మీద, మనసు బాగాలేనివారు నేరుగా సంక్షేమ కార్యాలయానికి రావచ్చు అని ఉండేది. రెండేళ్లుగా ఆయన్ని వెక్కిరించినవాణ్ణి నేనే. వాడిని చెయ్యి పట్టి అక్కడికి తీసుకెళ్లిందీ నేనే. ఇంకో తలుపు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

పట్టపగలు పదకొండు గంటలు. సారు మా ఇద్దరినీ చూసి ఇంగ్లీషులో కూచోమన్నారు. నీళ్లు తాగారా అని అడిగారు. సైదులు నేల చూస్తూ చెప్పాడు. ఆ నెలలో వాడు అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినలేదు.

"నిద్ర వడ్తలేదు సారు. పదకొండు దినాలాయె. కండ్లు మూస్తే పేర్లే కనవడ్తున్నయి. నేన్ రాసినయే. ఆఖరుకు నా పేరు గూడ గట్లనే కనవడ్తున్నది."

సారు చెయ్యి పైకెత్తారు. నేను కళ్లు మూసుకున్నాను. చూపుడు వేలు, నీళ్లు. నడిమి వేలు, నిద్ర. నిద్ర పట్టడం లేదని వచ్చినవాడికి నిద్ర ఎంత అవసరమో చాలాసేపు వివరించారు. తర్వాత నడక. తర్వాత నవ్వు. నలుగురితో కలిసి నవ్వుతుండాలట, నాలాంటి మిత్రుడు ఉండటం అదృష్టమట.

సైదులు తలెత్తాడు. "ఐదోది ఏంది సారు?" అన్నాడు. పందెం కోసం కాదు. నిజంగా అడిగాడు. ఆ ఒక్కటి తెలిస్తే చాలు అన్నట్టుగా ఆ బొటనవేలు వైపు చూశాడు.

ఫోను మోగింది.

ఎవరో బంధువుల గృహప్రవేశం. వంటవాళ్లు ఎవరు, పెరుగు ఎక్కడి నుంచి అని మాట్లాడి పెట్టేసరికి, వేలి సంగతి ఆయనకు గుర్తులేదు. లేచి బీరువా తెరిచి, దారంతో కట్టిన ఫైలు తీశారు. ఓపికగా వెతికి ఒక కాగితం మా ముందు పెట్టారు. నిద్ర ఎనిమిది గంటలు. చాలా బాగున్నాను. నాలుగు రోజుల కిందటి తేదీ, సంతకం.

సైదులు కాగితాన్ని చూశాడు. యూనివర్సిటీలో అంత అందంగా రాసేవాడు లేడు. ఆ కాగితం మీద నా కోడిగీతలు. "గిది నా రాత గాదు సారు," అన్నాడు. అని నా వైపు తిరిగాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

నేనే రాశానని చెప్పాను. వాడు లేవలేని స్థితిలో ఉన్నాడని, తప్పు నాదేనని, దాన్ని చించేసి వాడు ఇప్పుడు చెప్పింది రాసుకోమని అడిగాను. సారు ముఖంలో మొదటిసారి నిజమైన ఆందోళన కనిపించింది. రిపోర్టు వెళ్లిపోయిందట. మా హాస్టలు వంద శాతం క్షేమంగా ఉందని తేలిందట. పైవాళ్లు మెచ్చుకున్నారట. కాసేపు ఆలోచించి, ముందు ఎవరిని ఏ యాసలో బుజ్జగించాలో నిర్ణయించుకున్నారు.

"ఒక్కని కోసం అంతా ఖరాబు చేస్తమా బిడ్డా? జర నవ్వుకుంట ఉండు. అన్నీ సెట్ అయితయి," అని సైదులుకు చెప్పారు. ఆ వెంటనే నా వైపు తిరిగి, "నువ్వైనా చెప్పవయ్యా, చదువుకున్నవాడివి," అన్నారు. ఫైలుకు దారం కట్టడంలో పడ్డారు. ముడి బాగా వేశారు.

బయట మెట్ల మీద సైదులు, "రికార్డుల మంచిగనే ఉన్న గద రా," అన్నాడు. అని హాస్టల్ వైపు తిరిగాడు. నేను వాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. ఎక్కడికి అన్నాడు. తెలియదు అన్నాను. అలాగే పట్టుకుని తార్నాక దాకా నడిపించాను. సారు చెప్పిన వాటిలో నడక ఒకటి అమలైంది. అక్కడ ఆటో ఎక్కి లాలాపేట్‌లో మా ఇంటి ముందు దిగేదాకా చొక్కా వదల్లేదు. దాని గుండీ ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది.

అమ్మ అప్పుడే మధ్యాహ్నం భోజనానికి బడి నుంచి వచ్చింది. వాడి ముఖం చూసి, "ఏం నాన్నా, నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అంది. అంతే. ఫారం లేదు. వాడు పదకొండు దినాలన్నాడు. ఇంకేమన్నా చెబుతాడేమోనని ఆవిడ ఊరికే నిలబడింది. వాడు గుమ్మంలోనే కూచుని ఏడ్చాడు. ఏడుపు ఆపమని ఆవిడ అనలేదు. పప్పుచారు అన్నం పెట్టి, ముందుగదిలో పక్క వేసి, నన్ను పిలిచి, "వీడి పక్కనుంచి కదిలావంటే చూడు," అంది.

మర్నాడు నాన్న సగం రోజు సెలవు పెట్టి వాడిని సికింద్రాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ గంటసేపు విన్నదట. మధ్యలో ఫోను మోగితే కట్టేసిందట. నాన్న ఆ సంగతే రెండుసార్లు చెప్పాడు. మందులు, వారానికోసారి వెళ్లి మాట్లాడటం. సైదులు మా ఇంట్లో నాలుగు నెలలు ఉన్నాడు. ఆంధ్రావాళ్ల ఇంట్లో వీడేమిటని వీధిలో కొందరు, మనవాడు పోయి పోయి వాళ్లింట్లోనా అని క్యాంపస్‌లో కొందరు గొణిగారు. ఉద్యమం విషయంలో మా అమ్మకూ వాడికీ ఒక్క ముక్క కుదిరేది కాదు. ఆవిడ వడ్డిస్తూ వాదించేది, వాడు తింటూ వాదించేవాడు. "వాదిస్తున్నాడంటే బాగవుతున్నట్టే," అని నాన్న తేల్చాడు. ఒకరోజు నేను సారును చేసి చూపిస్తే సైదులు నవ్వాడు. కుంచెలు అడిగి తీసుకున్నాడు.

ఆనాటి నుంచి మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉంది. ఎట్లున్నవ్ అంటే 'బాగున్న' చెల్లదు. ఇంకేదైనా చెప్పాలి. మోకాలు నొప్పిగా ఉందనో, హెడ్మాస్టరు బుర్ర తింటున్నాడనో, ఏమీ తోచడం లేదనో. బాగున్న అంటే అవతలివాడు ఫోను పెట్టడు. ఊరికే ఆగుతాడు. ఎదుటి మనిషి మౌనం భరించలేక ఎవడైనా నిజం చెబుతాడు.

ఇదంతా నేర్చుకున్నవాణ్ణి, రెండేళ్ల కిందట సారును కలిశాను. తార్నాకలో ఇదే చౌరస్తా పక్కన, జూసు కొట్టు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని ఉన్నారు. రిటైరై చాలా కాలమైంది. చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్నారు. సీసా అదే, మూత లేదు. నన్ను గుర్తుపట్టలేదు గానీ విద్యార్థి అని గ్రహించి, ఏ యాసలో పలకరించాలో తెలియక చిరునవ్వు నవ్వారు. ఎలా ఉన్నారు సార్ అని అడిగాను.

"అద్భుతం," అన్నారు.

ఆ కళ్లు నేను చూశాను. అలాంటి కళ్లను అంతకుముందు ఒక్కసారే చూశాను, సైదులువి, అదీ నాలుగు రోజులు పక్కన ఉండీ చూడకుండా, తర్వాత. నిద్ర లేని కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆయన పక్కన ఉన్న ఖాళీ స్టూలును నా వైపు కొంచెం జరిపారు. కాసేపు కూచుంటారా, అన్నారు. విద్యార్థిని ఆయన మీరు అనడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆఫీసుకు టైమవుతోందన్నాను. బండి స్టార్ట్ చేస్తూ, "నీళ్లు తాగండి సార్," అన్నాను. ఆయన నిజంగానే సీసా ఎత్తి చూసుకున్నారు. ఖాళీ. ఆ మాట నేను వారం రోజులు అందరికీ చెప్పి నవ్వించాను. సైదులుకు తప్ప.

మొన్న సాయంత్రం ఇంటికి వస్తూ మళ్లీ అదే దీపం దగ్గర ఆగాను. హెల్మెట్‌లో దోపిన ఫోను మోగింది. సైదులు. ఫ్లెక్సీ ఫొటో చూశానన్నాడు. అక్షరాల మధ్య ఎడం సరిగా లేదన్నాడు. పనివాడి చూపు. ఎట్ల పోయిండంట అని అడిగాడు. గుండె అంటున్నారని, నిద్ర పట్టేది కాదని, పొద్దున ఆగి అడిగితే జూసు కొట్టాయన చెప్పాడని అన్నాను. ఆ సంగతి చెప్పాక రెండేళ్ల కిందటిదీ చెప్పాల్సి వచ్చింది. స్టూలూ, కళ్లూ, నీళ్లూ అన్నీ. ఆయన మీద నా అభిప్రాయం ఏమీ మారలేదని కూడా చెప్పాను. మారలేదు. ఆ మనిషి బీరువాలో నా స్నేహితుణ్ణి బతికుండగానే ఫైలు చేశాడు. కానీ ఆ రోజు ఆయన ఫారం నింపింది నేను. అద్భుతం అన్న గడికి చూస్తూ చూస్తూ టిక్కు పెట్టి పోయాను. ఈసారి ప్రాక్సీ అని కూడా చెప్పుకోలేను.

సైదులు అంతా విన్నాడు. "సరే గని, నువ్వెట్లున్నవ్ రా?" అన్నాడు.

బా అన్న అక్షరం నోట్లోకి వచ్చింది. ఆపాను. వాడు ఫోను పెట్టలేదు. ఊరికే ఆగాడు.

దీపం ఆకుపచ్చగా మారింది. వెనక హారన్లు మొదలయ్యాయి. బండి పక్కకు తీసి, జూసు కొట్టు ముందు ఆపాను. ఖాళీ స్టూలు ఒకటి ఉంది. కూచున్నాను.